సలేశ్వర యాత్ర: తిరుగు నడకే అసలు పరీక్ష

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల అడవిలో, ఎత్తైన కొండల నడుమ ఇరుకైన లోయలో, జలపాతం దూకే గుండం చెంత గుహలో వెలసిన లింగమయ్య క్షేత్రమే సలేశ్వరం. ఇది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్నందున, చైత్ర పౌర్ణమి జాతర దినాలలో మాత్రమే అటవీశాఖ భక్తులను అనుమతిస్తుంది. స్వామికి అర్చన చేసేది చెంచులే. సిద్దిపేట జిల్లాలోని మా ఇబ్రహీంపూర్ నుండి బృందంగా వెళ్లేవారి కోసం నేను వ్రాసుకున్న ఏర్పాట్లు ఇతర గ్రామాల వారికీ ఉపకరిస్తాయని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు దిగుడు, తరువాత ఎక్కుడు

తిరుమలకు కాలినడకన వెళ్లేవారు ఒంట్లో సత్తువ ఉండగానే కొండ ఎక్కుతారు. సలేశ్వరంలో ఇది తారుమారు. వాహనాలు ఆగిన చోటు నుండి సుమారు 5 కిలోమీటర్ల అడవి బాట చివరకు లోయలోకి దిగుతుంది. దర్శనమయ్యాక, అలసిన కాళ్లతో, చైత్రమాసపు ఎండలో అదే లోయను ఎక్కి రావలెను. కనుక ఈ యాత్రలో ప్రతి ఏర్పాటూ తిరుగు నడకను దృష్టిలో ఉంచుకొని చేయవలసినదే. దర్శనంతో యాత్ర సగమే పూర్తయినట్లు. బృందంలో చివరి వ్యక్తి బస్సు చేరినప్పుడే అది సంపూర్ణం.

ప్రయాణం, వేళలు

మా ఊరి నుండి అక్కడికి చాలా దూరం. రాత్రంతా బస్సులో కూర్చొని తెల్లవారి నడకకు దిగడం క్షేమం కాదు. ముందునాడే బయలుదేరి, శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరాన్ని దర్శించుకొని, అచ్చంపేటలో బస చేయడం మేలు. జాతర తేదీలు, ప్రవేశ వేళలు ఏటా అటవీశాఖ ప్రకటించిన తరువాతనే బస్సు మాట్లాడుకోవలెను. అనుమతించిన తొలి వేళకే నడక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే తిరుగుముఖం పట్టవలెను. తిరిగి బయలుదేరే గంట ఏదో ఇంటి వద్దనే అందరూ నిర్ణయించుకోవలెను.

పదిమందికి ఇద్దరు పెద్దలు

ప్రతి పదిమందికీ ముందు ఒకరు, వెనుక ఒకరు బాధ్యత వహించవలెను. వెనుకనున్న పెద్దను దాటి ఎవరూ వెనుకబడరాదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచితే గుంపు చెదరదు. బస్సు దిగినప్పుడు, లోయ అంచున, దర్శనానంతరం, మళ్లీ బస్సు వద్ద తలలు లెక్కించవలెను. అడవిలో సెల్‌ఫోన్‌పై ఆధారపడరాదు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవలెను. 2016లో నగదురహిత గ్రామంగా పేరుపొందిన మా ఊరివారు సైతం అక్కడికి చిల్లర డబ్బు తీసుకువెళ్లక తప్పదు.

ఇరుకైన బాటలో వచ్చేవారు, పోయేవారు ఎదురుపడతారు. తోసుకొనక, ఎక్కి వచ్చేవారికి దారి ఇవ్వవలెను. గుండం వద్ద రాళ్లు జారుతాయి గనుక పిల్లల చేయి విడువరాదు.

ఎండ, నీరు, ఆరోగ్యం

తలా 3 లీటర్ల నీరు, ఉప్పు–చక్కెర కలిపిన నీరు, తలకు తువాలు, కాళ్లకు జారని చెప్పులు అవసరం. దప్పిక కాకముందే కొద్దికొద్దిగా తాగుతూ ఉండవలెను. సగం నీరు ఎక్కుడు కోసం దాచుకోవలెను. ఎవరైనా తూలినా, మాట తడబడినా వెంటనే నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, దగ్గరలోని సిబ్బందికి తెలియజేయవలెను. స్పృహ తప్పినవారి నోట నీరు పోయరాదు.

గుండెజబ్బు, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు గలవారు వైద్యుని అడిగిన తరువాతనే పేరు నమోదు చేయించుకోవలెను. లోయ అంచు వరకు వచ్చి ఆగిపోయేవారిని ఒంటరిగా విడువక ఒకరు తోడుండవలెను. అక్కడి నుండే చేతులు జోడించినా లింగమయ్య కాదనడు.

దాతలకు విన్నపం

నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ సంచుల ఫలహారాలు పంచితే ఆ చెత్త వన్యప్రాణుల కడుపున చేరుతుంది. వాటికి బదులుగా నడక మొదలయ్యే చోట అనుమతితో మజ్జిగ, స్టీలు గ్లాసులు, విస్తరాకుల భోజనం సమకూర్చండి. పేద వృద్ధుల బస ఖర్చు భరించండి. ఇంటింటా ఇంకుడు గుంతలు తవ్వుకొని వాననీటిని నిలుపుకున్న మా ఊరివారికి నీటి విలువ తెలుసు. అడవి కాపాడితేనే ఆ గుండం నిండుతుంది. మన వెంట తీసుకువెళ్లినదంతా మన వెంటనే తిరిగి రావలెను.