ముక్కు కుట్టించిన తరువాత: పుండు మానేవరకు పాటించవలసిన జాగ్రత్తలు

ఆడపిల్లకు ముక్కు కుట్టించడం మన సరిహద్దు పల్లెలలో తరతరాలుగా వస్తున్న ఆచారం. కనియంబాడి, వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు ఇండ్లలో అవ్వ ముక్కుపుడక అంటే, బడికి వెళ్లే మనవరాలు మూక్కుత్తి అంటుంది. పేరు ఏదైనను నగ ఒక్కటే. అయితే కుట్టించే రోజున చూపే శ్రద్ధ ఆ తరువాతి నెలలలో చాలా ఇండ్లలో కనిపించదు. ముక్కు కుట్టడం రెండు నిమిషాల పని. ఆ పుండు పూర్తిగా మానడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే చిక్కులు వస్తున్నాయి.

ఇంత కాలం ఎందుకు?

చెవి తమ్మె మెత్తని కండ. దానికి రక్తప్రసారం బాగా ఉంటుంది కనుక త్వరగా మానుతుంది. ముక్కు పక్కభాగం అటువంటిది కాదు. బయట చర్మం, లోపల తడిగా ఉండే సున్నితమైన పొర, పైభాగాన మృదులాస్థి ఉంటాయి. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. అక్కడ సూక్ష్మక్రిములు చేరితే శరీరం ఎదుర్కొనడం కష్టం. మందు కూడా త్వరగా అందదు. పైగా పుండు బయటి నుండి లోపలికి మానుతుంది. మూడు నాలుగు వారాలకే పైచర్మం బాగుపడినట్లు కనిపించినా, లోపలి దారి ఇంకా పచ్చిగానే ఉంటుంది.

కుట్టించే ముందు

ఆచారి చేత కుట్టించినా, అంగడిలో కుట్టించినా, ఆసుపత్రిలో కుట్టించినా ఒక్క నియమం మార్పు లేనిది: సూది కొత్తదై ఉండాలి, మన కళ్ల ఎదుటనే పొట్లం విప్పాలి. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు సోకగలవు. సూదిని దీపపు మంటపై చూపడం, వేడినీటిలో ముంచి తీయడం చాలదు. మీట నొక్కి కుట్టే తుపాకీ వంటి పరికరాన్ని పూర్తిగా శుద్ధి చేయడం కష్టం. అది కండను నలిపివేస్తుంది. ముక్కుకు దానిని వాడనీయరాదు.

బిడ్డకు టీకాలు సరిగా పడ్డాయో లేదో చూచుకోవాలి. 6, 10, 14 వారాల వయసులో వేసే పెంటావాలెంట్ టీకాలో హెపటైటిస్ బి నుండి, ధనుర్వాతం నుండి రక్షణ ఉన్నది. 10, 16 ఏండ్లకు వేసే టి.డి. టీకా ధనుర్వాత రక్షణను నిలుపుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగా వైద్యుని అడగాలి.

పుడక లోహం కూడా ముఖ్యమే. చౌక పుడకలలో నికెల్ కలుస్తుంది; అది చాలామందికి దురద, దద్దుర్లు కలిగిస్తుంది. మంచి బంగారం గాని, వైద్య అవసరాలకు వాడే టైటానియం గాని మేలు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 2 గ్రాముల లోపు బంగారు నగలకు హాల్‌మార్క్ ముద్ర తప్పనిసరి కాదు. ముక్కుపుడక సాధారణంగా అంతకన్న తేలిక. కనుక నమ్మకమైన అంగడిలో కొని, బంగారం ఎంత మేలిమిదో రశీదులో వ్రాయించుకోవాలి.

ప్రతిదినం చేయవలసినది

మొదట సబ్బుతో చేతులు కడుగుకోవాలి. చేతులు కడగకుండా పుడకను ముట్టరాదు. మందుల అంగడిలో దొరికే నార్మల్ సెలైన్‌తో శుభ్రమైన గాజుగుడ్డను తడిపి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి రెండు మూడు నిమిషాలు కుట్టిన చోట ఆనించి ఉంచాలి. సెలైన్ దొరకనప్పుడు ఒక పెద్ద గ్లాసు కాచి చల్లార్చిన నీటిలో పావు చెంచా ఉప్పు కరిగించి వాడవచ్చును. ఉప్పు ఎక్కువైతే పుండు ఎండి మండుతుంది. కట్టిన పక్కు నానిన తరువాత దానంతట అదే ఊడివస్తుంది, గోటితో గీకరాదు. తరువాత శుభ్రమైన పొడి గాజుగుడ్డతో మెల్లగా అద్దాలి. ఇంటిల్లిపాదీ వాడే తువాలు పనికిరాదు.

మన ఎండలకు చెమట ఎక్కువ. చెమట పట్టినప్పుడు మంచినీటితో ముఖం కడిగి ఆరనిస్తే చాలు. దిండు గలేబు తరచుగా మార్చాలి. రవికె, చొక్కా తలమీదుగా తీసేటప్పుడు పుడక తగులుకొనకుండా చూచుకోవాలి.

చేయకూడనివి

పసుపు, కొబ్బరినూనె, బూడిద, చనుబాలు పుండుకు పెట్టడం మన పెద్దలు మంచి తలంపుతో చెప్పిన మాటే. అయితే అంగడి పసుపు క్రిములు లేని వస్తువు కాదు. నూనె ధూళిని పట్టి ఉంచి గాలి ఆడనీయదు. రంధ్రం మూసుకోకుండా చీపురుపుల్ల, వేపపుల్ల గుచ్చడం మరింత అపాయం. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెట్టాల్ వంటివి క్రిములతో పాటు కొత్తగా పుట్టే కండను కూడా దెబ్బతీస్తాయి. పుడకను రోజూ తిప్పాలనే పాత సలహాను నేటి వైద్యులు ఒప్పుకొనరు. తిప్పినకొద్దీ లోపలి పొర చిరుగుతుంది. పుండు మానేవరకు చెరువులో, బావిలో మునిగి ఈదరాదు. పౌడరు, క్రీములు అక్కడికి తగలనీయరాదు.

ఏది సహజం, ఏది ప్రమాదం?

మొదటి వారం కొద్దిపాటి ఎరుపు, వాపు, నొప్పి సహజం. పలుచని రసి ఊరి పక్కు కట్టడం కూడా మానుదలలో భాగమే. తగ్గిన నొప్పి మరల పెరగడం, ఎరుపు బుగ్గ వైపు ప్రాకడం, తాకితే వేడిగా ఉండడం, పసుపు లేదా పచ్చరంగు చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తే అది క్రిమిదోషం. ఆ రోజే వైద్యునికి చూపాలి.

ఇట్టి సమయంలో తల్లులు కంగారుపడి పుడక తీసివేస్తారు. అది సరికాదు. రంధ్రం మూసుకొని చీము లోపలనే నిలిచిపోవచ్చును. తీయాలో వద్దో వైద్యుడే చెప్పాలి. చీమును నొక్కి తీయడం ఇంకా ప్రమాదం. ముక్కు, పై పెదవి చుట్టూ ఉన్న సిరలకు మెదడు దగ్గరి సిరలతో సంబంధం ఉన్నది. అరుదుగానైనా క్రిమిదోషం అంతవరకు ప్రాకగలదు. కంటివరకు వాపు, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగరాదు. 108కి ఫోన్ చేయాలి.

కుట్టిన చోట చిన్న పొక్కు లేచినంతనే భయపడనక్కర లేదు. ఒరపిడి తగ్గితే అది అణగుతుంది. కొన్ని నెలల తరువాత పుండు హద్దు దాటి గట్టి కండ పెరుగుతూ ఉంటే అది కీలాయిడ్ కావచ్చును. ఇంట్లో ఎవరికైనా అటువంటి మచ్చలు ఉంటే కుట్టించే ముందే చర్మవైద్యుని అడగడం మంచిది.

ఎక్కడ చూపించాలి?

కనియంబాడి పరిసరాల వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అడుక్కంపారైలోని ప్రభుత్వ వేలూరు వైద్య కళాశాల ఆసుపత్రి, బాగాయంలోని సి.ఎం.సి. సామాజిక ఆరోగ్య విభాగం ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నవి. గుడియాత్తం వైపు వారికి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కలదు.

పుడక మార్చేది ఎప్పుడు?

నాలుగు నెలలు నిండనిదే మార్చరాదు. నొప్పి, రసి ఉంటే ఆరు నెలలు ఆగాలి. మే నెల నడుమ జరిగే గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్లకు బిడ్డ కొత్త పుడక ధరించాలని కోరుకునే వారు నవంబరు, డిసెంబరులలోనే కుట్టించడం ఉత్తమం. పెండ్లి విషయంలోనూ ఇదే లెక్క. ముహూర్తానికి వారం ముందు కుట్టిస్తే పచ్చిపుండుతోనే బిడ్డ పీటలపై కూర్చోవలసి వస్తుంది.

పుండు మానిన తరువాత కూడా మర బిగువుగా ఉన్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి. వదులైన మర ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తులలో చిక్కుకున్న సందర్భాలను మన దేశపు వైద్యులు నమోదు చేశారు. ఆచారాన్ని విడనాడవలసిన పని లేదు. కొత్త సూది, శుభ్రమైన చేయి, ఆరు నెలల ఓర్పు ఉంటే పుడక బిడ్డ ముఖానికి అందమే గాని ఆపద కాదు.