కొండపల్లి బొమ్మయు పలుచని రంగుపూతయు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో మెట్లపై అంబారీ ఏనుగో, దశావతారములలో నొకటియో తప్పక కానవచ్చును. చేత బట్టినవారు మొదట మెచ్చుకొనునది చెక్కడమును గాదు, రంగును. ఆ రంగు ఎట్లు వెలుగునో, ఎట్లు చెడునో శ్రోతలకు నాలుగు మాటలలో విన్నవింతుము.

విజయవాడకు వాయవ్యమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున కొండపల్లి కలదు. అచ్చటి బొమ్మలకు వాడునది తెల్లపొణికి కఱ్ఱ. ఇది మిక్కిలి తేలిక, మెత్తన. కఱ్ఱను ఎండబెట్టి, వేడిమి తగిలించి, తడి పోయిన పిమ్మట అవయవములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల బంకయు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. దానిపై సున్నపు పూత వేయుదురు. ఆరిన తరువాతనే మేక వెండ్రుకల కుంచెతో రంగు.

ఈ సున్నపు పూతయే మూలము. అది లేకున్న మెత్తని కఱ్ఱ నీటిరంగును పీల్చుకొనును. గీత చెదరి నార వెంట ప్రాకును. అంతియే గాదు. రంగు పలుచనిదైనచో వెలుగు దానిగుండా లోనికి బోయి, తెల్లని సున్నమును తాకి, మరల అదే రంగుగుండా వెలికి వచ్చును. లోపలి నుండి కాంతి పుట్టినట్లు తోచుటకు కారణమిదే. ఆరిన పసుపుపై పలుచని ఎఱుపు పూసినచో కలుగు నారింజ వన్నె, రెండింటిని గిన్నెలో కలిపి పూసినప్పుడు రాదు.

రెండవ విధమైన పలుచని పూత వేరు పని చేయును. నీరు హెచ్చుగా కలిపిన ముదురు రంగును చీరకుచ్చెళ్లపై విడిచినచో అది పల్లములలో నిలిచి నీడ యగును. మిట్టలు తేటగా మిగులును. ఎక్కువైన రంగును పొడి కుంచె మొనతో ఎత్తివేయవలెను. పాశ్చాత్య దేశములలో బొమ్మ సిపాయిలతో యుద్ధక్రీడ లాడువారు — 1913లో హెచ్.జి. వెల్స్ అంతటివాడు ఈ ఆటకు నియమములు వ్రాసి గ్రంథము ప్రకటించెను — వ్రేలెడు విగ్రహములపై నేటికిని ఈ యుపాయమునే వాడుచున్నారు. ఇంట పిల్లలు దీనిని సులభముగ నేర్వగలరు. తొందర మాత్రము కూడదు. జిగురు నీటిరంగు ఆరినను తడి తగిలిన మరల కరుగును. కావున కుంచెను ఒక్కమారే నడపవలెను, రుద్దరాదు. వానకాలపు కృష్ణా డెల్టా గాలిలో పూత ఆరుటకు రెట్టింపు ఓపిక కావలెను!

పూర్వపు సహజవర్ణములతోబాటు ఎనామెల్ రంగులును ఈ బొమ్మలకు వాడుకలోనికి వచ్చినవి. నీటికి చెడవు, మెఱుపు మెండు, అమ్మకమునకు అనుకూలము. కాని దట్టపు ఎనామెల్ వెలుగును పైననే త్రిప్పిపంపును, సన్నని చెక్కడమును పూడ్చివేయును. మేమెఱిగిన యొక యింట తాతల నాటి బొమ్మకు ప్రేమతో క్రొత్త ఎనామెల్ పూసిరి. ముఖమున కనుబొమ్మల తీరు, పెదవుల చిఱునగవు మాసిపోయి, అమ్మవారు ఎవరో యెఱుగని స్త్రీ అయిపోయెను. దానిని వెనుకకు తెచ్చుట ఎవరికిని సాధ్యము కాలేదు. మఱియొక సంగతి: పిల్లలు బొమ్మను నోట బెట్టుకొందురు. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదని 2016లో మన దేశమున నియమము వచ్చినది. ఇంట మిగిలిన పాత రంగుడబ్బాను బొమ్మలకు వాడకుడు.

కొలువు ముగిసిన పిదప నీటిరంగు బొమ్మను తడిగుడ్డతో తుడువక, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, పొడిగుడ్డలో చుట్టి ఉంచుడు. పెచ్చు లేచిన చోట సున్నము కానవచ్చినచో, అచ్చట మాత్రమే పలుచన రంగు పూయుడు. కష్టమనిపించినచో కొండపల్లి కళాకారులకే చూపుడు. తెల్లపొణికి చెట్టు అడవులలో అరుదైపోవుచున్నది; అట్టి బొమ్మను మరల చేయించుట మునుపటివలె సులభము గాదు.