కంప్యూటరు జేబులో చిరునామాల చీటీ

"శ్రీకాకుళం రోడ్"కి టిక్కెట్టు తీసుకున్నవాడు దిగేది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. మనకిది అలవాటే గాని, కొత్తగా వచ్చినవాడు "ఇదేటి, ఊరేదీ?" అని దిక్కులు చూస్తాడు. పేరు వేరు, ఆ పేరు చేర్చే చోటు వేరు. కంప్యూటర్లలోనూ అంతే. మనం చెప్పేది పేరు. యంత్రానికి కావలసింది అంకెల చిరునామా. పేరుని అంకెల్లోకి మార్చే ఏర్పాట్లలో బహు పాతది హోస్ట్స్ ఫైలు.

అమెరికాలో ఆర్పానెట్ నడిచిన రోజుల్లో యంత్రాల పేర్ల జాబితా స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాన్ని సరిదిద్దితే, మిగతావారు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి చాలక, 1983లో పాల్ మొకాపెట్రిస్ డి.ఎన్.ఎస్.ని రూపొందించాడు. అయినా పాత చీటీ పోలేదు. లైనక్సు, విండోసు, మ్యాక్ అన్నిట్లోనూ ఉంది. మామూలుగా కంప్యూటరు ముందు చూసేది దాన్నే.

లైనక్సులో అది ఈటీసీ డైరెక్టరీలో ఉంటుంది. టెర్మినలు తెరచి "క్యాట్" ఆజ్ఞతో చదవొచ్చు. మార్చాలంటే మాత్రం "సుడో" కావాలి. ముందుగా "సీపీ"తో ఒక నకలు తీసి దాచండి. ప్రతి పంక్తిలో మొదట అంకెలు, తరవాత పేరు; ముందు హాష్ గుర్తు పెడితే ఆ పంక్తి లెక్కలోకి రాదు. కొత్త పంక్తిని "ఎకో"తో రాసి, పైపు గుర్తు మీదుగా "సుడో టీ మైనస్ ఏ"కి అందించాలి. ఆ "మైనస్ ఏ" మరిచారో, పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది! ఫలితాన్ని "గెట్‌ఎంట్ హోస్ట్స్"తో చూసుకోండి. "ఎన్ఎస్‌లుకప్" ఇక్కడ పనికిరాదు. అది ఈ ఫైలు జోలికి పోకుండా డి.ఎన్.ఎస్.నే అడుగుతుంది.

దీనితో లాభం లేకపోలేదు. మనం తయారుచేస్తున్న వెబ్‌సైటుని లోకానికి చూపకముందే అసలు పేరుతో పరీక్షించుకోవచ్చు. ప్రమాదమూ ఇక్కడే ఉంది. దొంగ ప్రోగ్రామొకటి బ్యాంకు పేరు పక్కన తన అంకెలు రాసిపోతే, మనం పేరు సరిగ్గా కొట్టినా చేరేది దొంగ గుమ్మానికే. అప్పుడు బ్రౌజరు హెచ్చరిస్తే విసుక్కుని దాటెయ్యకండి.

అంచేత నేను నెట్ సెంటరులో కూచుంటే, ముందు కమాండ్ ప్రాంప్టు తెరచి ఆ ఫైలు చూస్తాను. విండోసులో అది సిస్టమ్32 లోపల, డ్రైవర్స్‌లో, ఈటీసీలో ఉంటుంది; "టైప్" ఆజ్ఞ చాలు. నిమిషం పట్టదు.

మిత్రులారా, మనలో చాలామందిమి ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కినవాళ్లం. స్కాలర్‌షిప్పు పడే ఖాతా మనది. నాన్న పంట డబ్బు పడే ఖాతా చూసిపెట్టేదీ మనమే. ఆ ఖాతా పేరు కొట్టేముందు చీటీలో ఏం రాసుందో ఒకసారి చదవండి.