సింకు కంపు ఎవరి ఖాతాలో?

కొత్తగా దిగిన అద్దె ఫ్లాటు. నెల తిరక్కుండానే వంటింట్లో కంపు. వంటసోడా, వెనిగర్, వేడినీళ్లు అన్నీ అయ్యాయి. రెండ్రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మామూలే.

గొట్టానికి పట్టిన జిడ్డు, కుళ్లిన మెతుకులే కారణమైతే ఈ చిట్కాలు చాలు. వాసన కుళ్లిన గుడ్డులా ఉంటే మాత్రం అది మురుగు లైనులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. దాన్ని ఆపేది గొట్టం వంపులో నిలిచే కాసిని నీళ్లు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ మరుగుదొడ్డి కోసం పేటెంట్ పొందిన వంపు సూత్రం ఇదే. కానీ చాలా ఫ్లాట్లలో సింకు కింద ఆ వంపే ఉండదు. మడతల ప్లాస్టిక్ గొట్టాన్ని గోడలోని పైపులోకి ఊరికే దూర్చి వదిలేస్తారు. చుట్టూ మిగిలిన సందులోంచి కంపుతోపాటు బొద్దింకలూ వస్తాయి.

బాటిల్ ట్రాప్ బిగించి, సందుకు రబ్బరు రింగు వేస్తే సరి. డబ్బులెవరివి? "మీరు సరిగా కడగరు" అంటారు ఓనరు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, డ్రెయిన్ శుభ్రం చేయడం అద్దెదారు వంతు, అవసరమైతే పైపులు మార్చడం యజమాని వంతు. అసలు పెట్టని వంపును అద్దెదారు ఎలా కడుగుతాడు? యజమాని కదలకపోతే తానే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు, నెలకు సగం అద్దె మించకుండా. అయితే రాష్ట్రం ఆ చట్టాన్ని స్వీకరించి ఉండాలి.

నెలల తరబడి తాళం వేసిన ఫ్లాటులో కంపు కొడితే ప్లంబర్‌ను పిలవడానికి ముందు ఎండిపోయిన వంపులోకి చెంబెడు నీళ్లు పోసి చూడాలి.