కెమెరా చూపు.. కుంచె రూపు
ఊరి పక్షుల చిత్రలేఖనానికి సొంత ఛాయాచిత్రమే సరైన ఆధారం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: విజయదశమి నాడు పాలపిట్టను చూడటం శుభమని తెలుగువారి నమ్మకం. తెలంగాణ ప్రభుత్వం 2014లో దానినే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అయితే ఆ పక్షి బొమ్మ వేయాల్సి వచ్చినప్పుడు చాలామంది అంతర్జాలంలో కనిపించిన ఛాయాచిత్రాన్ని ముందు పెట్టుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. అలా దొరికే వాటిలో ఐరోపా పాలపిట్టలు కూడా ఉంటాయి. వాటికి తల, రొమ్ము, పొట్ట అన్నీ లేత నీలమే. వీపు ఇటుక రంగులో ఉంటుంది. మన పాలపిట్టకు రొమ్ము గోధుమ వర్ణం, గొంతుపై సన్నని తెల్ల చారలు. ఈ తేడా తెలియక గీస్తే బొమ్మ అందంగానే ఉంటుంది గానీ, అది మన పొలం గట్టున వాలే పిట్ట కాదు. తాను స్వయంగా తీసిన ఛాయాచిత్రం నుంచి బొమ్మ గీసే పద్ధతికి ప్రాధాన్యం ఇందువల్లనే.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రంపై హక్కు దానిని తీసిన వ్యక్తి జీవితకాలమంతా, మరణానంతరం మరో 60 సంవత్సరాల పాటు ఉంటుంది. ఇంట్లో సాధన కోసం గీసుకోవడం వేరు. ఇతరుల ఛాయాచిత్రం ఆధారంగా వేసిన బొమ్మను ప్రదర్శనకు పెట్టాలన్నా, అమ్మాలన్నా హక్కుదారుని అనుమతి అవసరం. సొంత ఛాయాచిత్రానికి ఆ బెడద లేదు.

ఎక్కడ, ఎప్పుడు?

ఇందుకోసం దూరపు అడవులకు పోనక్కరలేదు. సూర్యాపేట సమీపంలో సోలిపేట వద్ద మూసీ జలాశయం, పిల్లలమర్రి చెరువు ఉన్నాయి. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు విస్తరించి ఉంది. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలుస్తుంది. నాట్లకు ముందు పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనుక కొంగలు బారులు తీరుతాయి. వానకాలంలో తాటిచెట్లకు, బావులపైకి వంగిన కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. ఆ కాలంలో మగ గిజిగాడి తల, రొమ్ము పసుపు వన్నెకు మారతాయి. ఆడపిట్ట మాత్రం పిచ్చుకను పోలి గోధుమ రంగులోనే ఉంటుంది. సూర్యోదయం తర్వాత గంట, గంటన్నర సేపు వెలుతురు ఏటవాలుగా పడి ఈకల అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీసిన చిత్రాలు బొమ్మకు అంతగా పనికిరావు.

కెమెరా చెప్పని నిజాలు

ఛాయాచిత్రాన్ని ఉన్నదున్నట్లు దించితే సరిపోదు. పాలపిట్ట, లకుముకి పిట్టల నీలం అద్దకపు రంగు వంటిది కాదు. ఈకలలోని అతి సూక్ష్మ నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల కలిగే వర్ణమది. అందువల్ల పిట్ట నీడలో ఉంటే ఒకలా, ఎండలో రెక్క విప్పితే మరోలా కనిపిస్తుంది. ఒక్క చిత్రాన్నే నమ్ముకోకుండా వేర్వేరు కోణాల్లో కనీసం పది తీసుకోవడం మేలు. కంటికి కనిపించిన రంగును అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకోవాలి.

తెల్లకొంగ విషయంలో మరో ఇబ్బంది. ఎండలో దాని ఈకల వివరమంతా కెమెరాలో తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించి తీస్తే వివరం నిలుస్తుంది. నీడలు కెమెరాలో నల్లగా పడినా, కంటికి అవి నీలి ఛాయతో కనిపిస్తాయి. బొమ్మలో కంటి సాక్ష్యాన్నే అనుసరించాలి. సెల్‌ఫోన్‌ను మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముందున్న భాగం అసలు కన్నా పెద్దదిగా వస్తుంది. కొలతలు దెబ్బతినేది ఇక్కడే.

అన్నింటినీ 'కొంగ' అని ఒకే గాటన కట్టడం కూడా పొరపాటు. చిన్న తెల్లకొంగకు ముక్కు, కాళ్లు నలుపు, వేళ్లు పసుపు. పశువుల వెంట తిరిగే కొంగకు ముక్కు పసుపు. గుడ్లు పెట్టే కాలంలో దాని తల, మెడ నారింజ వన్నెకు తిరుగుతాయి.

గడుల పద్ధతి

బొమ్మ పెద్దది చేయడానికి గడుల పద్ధతి సులువు. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు గల ఛాయాచిత్రంపై అర అంగుళం గడులు గీస్తే 96 వస్తాయి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు గల కాగితంపై ఒకటిన్నర అంగుళం గడులు గీసినా సరిగ్గా అన్నే వస్తాయి. ఏ గడిలోని గీతను ఆ గడిలో వేసుకుంటూ పోతే ఆకారం తప్పదు. ముందుగా శరీరం, తల, కాళ్ల వాలు చూసుకోవాలి. ఈకలు చివరి పని. నీటి రంగులు వాడేవారు కొంగ తెలుపు కోసం కాగితాన్నే ఖాళీగా వదలాలి. కంటిలో వెలుగు చుక్క పడితేనే పిట్టకు ప్రాణం వస్తుంది.

పిట్టకు హాని తగదు

మంచి చిత్రం కోసం గూటి దగ్గరకు వెళ్లడం, అడ్డొచ్చిన కొమ్మలు విరవడం తగదు. తల్లిపిట్ట బెదిరి వెళ్లిపోతే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లను, గూళ్లను కదిలించడాన్ని కూడా వేట కిందనే పరిగణిస్తుంది. దసరా రోజున పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి, డబ్బులు తీసుకొని చూపించడం కూడా ఈ చట్టం కింద నేరమే. పండుగ నాడు బంధించిన పిట్టకు బదులు దాని బొమ్మను బడిలోనో, గుడి వద్దనో ఉంచితే ఆచారమూ నిలుస్తుంది, పిట్టా బతుకుతుంది.

బొమ్మ వల్ల కలిగే ప్రయోజనానికి కడప జిల్లాలోనే తార్కాణం ఉంది. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్న కలివికోడిని 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ తిరిగి కనుగొన్నారు. పక్షి బొమ్మలను స్థానికులకు చూపి ఆరా తీయడం ఆ అన్వేషణలో భాగం. బొమ్మను గుర్తుపట్టగలిగిన పల్లెవాసుల ఎరుకే అక్కడ శాస్త్రానికి దారి చూపింది.

అందుకే ప్రతి బొమ్మ వెనుక పక్షి పేరు, చూసిన ఊరు, తేదీ, వేళ రాసి ఉంచడం అవసరం. చెరువులు, పొలాలు, తాటిచెట్లు ఏటేటా మారిపోతున్న ఈ ప్రాంతంలో ఏ పిట్ట ఎప్పుడు ఎక్కడ ఉండేదో రేపటి తరానికి తెలిపేది ఆ నాలుగు వివరాలే.