బ్యాక్ కవర్ పేజీ నుంచి చెక్అవుట్ దాకా: షాపిఫై డెవలపర్ అప్‌డేట్స్‌లో అసలేం మారింది?

కొత్త ఫోన్ కొన్నాక మనం చేసే మొదటి పని బ్యాక్ కవర్ వెతకడం. ఏదో ఒక చిన్న బ్రాండ్ సైట్‌లో డిజైన్ నచ్చుతుంది. తీరా చూస్తే అదే డిజైన్‌కి ఐఫోన్‌ అయితే ఒక పేజీ, శాంసంగ్‌ అయితే ఇంకో పేజీ, వన్‌ప్లస్‌ అయితే మరో పేజీ. ఒకే పేజీలో మోడల్ సెలెక్ట్ చేసుకునే ఆప్షన్ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఆ సైట్ షాపిఫై మీద నడిచేదైతే, దానికి కారణం చాలా ఏళ్ల పాటు ఒక చిన్న అంకె: 100.

షాపిఫైలో ఒక ప్రొడక్ట్‌కి 100 వేరియంట్లు మించకూడదన్నది పాత రూల్. 30 ఫోన్ మోడళ్లు, ఒక్కోదానికి 4 రంగులు అంటేనే 120. లిమిట్ దాటేసింది. అందుకే షాపువాళ్లు ఒకే కవర్‌ని ముక్కలు చేసి వేర్వేరు ప్రొడక్ట్‌లుగా పెట్టేవాళ్లు, లేదంటే ఏదో ఒక యాప్‌తో సర్దుకునేవాళ్లు. 2025లో ఈ లిమిట్ 2,048కి పెరిగింది. మోడల్, రంగు, మెటీరియల్ లాంటి ఆప్షన్లు మాత్రం ఇప్పటికీ మూడే.

వినడానికి చిన్న మార్పే. కానీ ఈ ఒక్క అంకె మారడానికి లోపల చాలా కదలాల్సి వచ్చింది. 2024 నుంచి షాపిఫై డెవలపర్ల కోసం తెచ్చిన పెద్ద అప్‌డేట్స్ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటన్నిటి దారీ ఒకటే అని తెలుస్తుంది. ఇంతకుముందు మన కోడ్ షాపు లోపలికి వెళ్లి సరుకు తనే సర్దేది. ఇప్పుడు కౌంటర్ బయట నిలబడి, ఏం కావాలో చీటీ రాసి ఇవ్వాలి. దీనివల్ల లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి? చూద్దాం.

రెస్ట్ పక్కకి, గ్రాఫ్‌క్యూఎల్ ముందుకి

యాప్‌లు షాపు డేటాతో మాట్లాడటానికి షాపిఫైలో ఇన్నాళ్లూ రెండు దారులు ఉన్నాయి: రెస్ట్ ఏపీఐ, గ్రాఫ్‌క్యూఎల్ ఏపీఐ. 2024 అక్టోబర్ 1న రెస్ట్ అడ్మిన్ ఏపీఐని లెగసీ లిస్టులో పడేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి యాప్ స్టోర్‌కి వచ్చే ప్రతి కొత్త పబ్లిక్ యాప్ గ్రాఫ్‌క్యూఎల్‌తోనే రాయాలి.

వేరియంట్ల కథ ఇక్కడే ముడిపడి ఉంది. రెస్ట్‌లో ఒక ప్రొడక్ట్ అడిగితే దాని వేరియంట్లన్నీ ఒకే మూటగా వచ్చేస్తాయి. 100 అయితే పర్లేదు. 2,048 వేరియంట్లున్న ప్రొడక్ట్‌లు 50 ఒకేసారి అడిగితే? అందుకే 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఏపీఐ వెర్షన్‌లో ప్రొడక్ట్ మోడల్‌నే గ్రాఫ్‌క్యూఎల్‌లో తిరగరాశారు. 100 దాటిన ప్రొడక్ట్‌లని సరిగ్గా చూసుకోవాలంటే ఆ కొత్త దారిలోనే రావాలి.

లెక్క పెట్టే పద్ధతి కూడా మారింది. మామూలు ప్లాన్‌లో రెస్ట్‌కి సెకనుకి 2 రిక్వెస్ట్‌లు. గ్రాఫ్‌క్యూఎల్‌కి సెకనుకి 100 పాయింట్లు. మీరు ఎంత డేటా అడిగితే అంత పాయింట్ల ఖర్చు. మామూలు మ్యుటేషన్ ఒకటి 10 పాయింట్లు తీసుకుంటుంది, అంటే సెకనుకి సుమారు 10 మార్పులు. రెస్ట్‌తో పోలిస్తే ఇది బాగా ఎక్కువే. కానీ బద్ధకంగా అన్నీ అడిగే క్వెరీ రాస్తే అసలు రన్ అవ్వదు, ఎందుకంటే ఒక్క క్వెరీ ఖర్చు 1,000 పాయింట్లు దాటకూడదు. మొత్తం క్యాటలాగ్ కావాలంటే బల్క్ ఆపరేషన్ పెట్టి, రిజల్ట్‌ని ఫైల్‌గా తీసుకోవాలి.

రెస్ట్ నుంచి వచ్చేవాళ్లు పడే మామూలు గొయ్యి ఒకటుంది. రెస్ట్‌లో ధర తప్పుగా పంపితే 422 ఎర్రర్ వస్తుంది, కోడ్ అక్కడే ఆగుతుంది. గ్రాఫ్‌క్యూఎల్‌లో అదే తప్పుకి స్టేటస్ 200 రావచ్చు. అసలు తప్పు రెస్పాన్స్ లోపల యూజర్ ఎర్రర్స్ అనే ఫీల్డ్‌లో కూర్చుని ఉంటుంది. స్టేటస్ మాత్రమే చూసే కోడ్ "సక్సెస్" అని లాగ్ రాసేసి ముందుకెళ్లిపోతుంది, ధర మాత్రం మారదు. మైగ్రేషన్‌లో మొదట వెతకాల్సిన బగ్ ఇదే.

చెక్అవుట్‌కి తాళం ఎందుకు పడింది?

ఎక్కువ చర్చ జరిగిన మార్పు ఇది. షాపిఫై ప్లస్ అనే పెద్ద ప్లాన్ తీసుకున్నవాళ్లకి ఒకప్పుడు చెక్అవుట్ డాట్ లిక్విడ్ అనే ఫైల్ ఇచ్చేవాళ్లు. దాంట్లో ఏ హెచ్‌టీఎంఎల్ అయినా, ఏ జావాస్క్రిప్ట్ అయినా పెట్టొచ్చు. అడ్రస్, షిప్పింగ్, పేమెంట్ పేజీలకి ఆ ఫైల్ 2024 ఆగస్టు 13తో ఆగిపోయింది. ఆర్డర్ అయ్యాక కనిపించే థాంక్యూ పేజీ, ఆర్డర్ స్టేటస్ పేజీలకి ప్లస్ షాపుల గడువు 2025 ఆగస్టు 28. మిగతా ప్లాన్ల షాపులకి 2026 ఆగస్టు 26.

ఇంత పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే 2018లోకి వెళ్లాలి. ఆ ఏడాది బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్ పేమెంట్ పేజీలోకి దొంగ జావాస్క్రిప్ట్ చొరబడింది. మొత్తం 22 లైన్లు. కస్టమర్ కార్డు వివరాలు టైప్ చేసి బటన్ నొక్కగానే ఒక కాపీ దొంగల సర్వర్‌కి వెళ్లిపోయేది. టికెట్ మామూలుగానే బుక్ అయ్యేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సుమారు 3 లక్షల 80 వేల లావాదేవీలు ప్రభావితమయ్యాయని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. 2020లో బ్రిటన్ డేటా రెగ్యులేటర్ 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

మన దగ్గర 2022 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ టోకెనైజేషన్ రూల్ ఉంది, అంటే షాపులు మన కార్డు నంబర్ దాచుకోకూడదు. మంచి రూలే. కానీ దాచిన నంబర్‌ని దొంగిలించడం వేరు, టైప్ చేస్తుండగా దొంగిలించడం వేరు. రెండోది ఆపాలంటే పేమెంట్ పేజీలో ఏ స్క్రిప్ట్ నడుస్తుందో లెక్క ఉండాలి. కార్డు కంపెనీల పీసీఐ ప్రమాణాల నాలుగో వెర్షన్ సరిగ్గా ఇదే అడిగింది. పేమెంట్ పేజీలోని ప్రతి స్క్రిప్ట్‌కి లిస్టు, అనుమతి, ఎవరూ మార్చలేదన్న రుజువు ఉండాలన్న షరతులు 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి అయ్యాయి. లక్షల షాపుల్లో ఎవరు ఏ స్క్రిప్ట్ పెట్టారో తెలియని ప్లాట్‌ఫామ్‌కి ఇది ఎంత తలనొప్పో ఊహించుకోవచ్చు.

అందుకే ఇప్పుడు మన కోడ్ చెక్అవుట్ యూఐ ఎక్స్‌టెన్షన్‌గా, విడిగా ఒక వెబ్ వర్కర్‌లో నడుస్తుంది. పేజీ డామ్‌ని అది ముట్టుకోలేదు. "ఇక్కడ ఒక టెక్స్ట్ బాక్స్, ఇక్కడ ఒక చెక్‌బాక్స్ కావాలి" అని అడుగుతుంది, షాపిఫై తన సొంత కాంపోనెంట్లతో గీసి ఇస్తుంది. 2025-10 ఏపీఐ వెర్షన్ నుంచి ఈ ఎక్స్‌టెన్షన్లు రియాక్ట్ బదులు ప్రీయాక్ట్‌కి, వెబ్ కాంపోనెంట్లకి మారాయి. బండిల్ సైజు 64 కేబీ లోపు ఉండాలి. ప్రకటనల ట్రాకింగ్ కోడ్‌లు కూడా పిక్సెల్స్ పేరుతో ఇలాంటి శాండ్‌బాక్స్‌లోకే వెళ్లాయి.

సీఓడీ రూల్ ఎక్కడ రాయాలి?

షాపు నడిపేవాళ్లకి రోజూ ఉండే అవసరం ఒకటి తీసుకుందాం. కొన్ని పిన్‌కోడ్‌ల నుంచి రిటర్న్‌లు ఎక్కువ. అక్కడికి క్యాష్ ఆన్ డెలివరీ ఆపాలి. పాత పద్ధతిలో ప్లస్ షాపులు దీన్ని షాపిఫై స్క్రిప్ట్స్‌లో, రూబీలో రాసుకునేవి. ఆ స్క్రిప్ట్స్ మూసివేత చాలాసార్లు వాయిదా పడి, చివరికి 2026 జూన్ 30 గడువు దగ్గర ఆగింది.

దాని స్థానంలో వచ్చినవి షాపిఫై ఫంక్షన్స్. రస్ట్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో రాస్తే, అది వెబ్‌అసెంబ్లీగా కంపైల్ అయ్యి షాపిఫై సర్వర్ల మీదే నడుస్తుంది. కార్ట్ వివరాలు ఇన్‌పుట్‌గా వస్తాయి, "ఈ పేమెంట్ పద్ధతి దాచు" అన్న సూచన అవుట్‌పుట్‌గా వెళ్తుంది. అంతే. మామూలుగా మధ్యలో బయటి సర్వర్‌కి కాల్ చేయడం కుదరదు. కంపైల్ అయిన ఫైల్ 256 కేబీ దాటకూడదు. 200 లైన్ల వరకు ఉన్న కార్ట్‌కి 1 కోటి 10 లక్షల ఇన్‌స్ట్రక్షన్లలో పని ముగించాలి.

కాలేజీలో "ప్యూర్ ఫంక్షన్" అని చదివి వదిలేశాం కదా, అది ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే అవుట్‌పుట్ రావాలి. పండగ సేల్ రోజు వేలమంది ఒకేసారి కార్ట్ తెరిచినా, ఎవరో రాసిన నెమ్మదైన కోడ్ వల్ల చెక్అవుట్ ఆగకూడదన్నదే ఈ లిమిట్ల ఉద్దేశం.

మరి బిల్లు ఎవరు కడుతున్నారు?

ఇంజినీరింగ్ పరంగా చూస్తే ఈ నిర్ణయాలు సరైనవే అని నా అభిప్రాయం. కానీ ఇంజినీరింగ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఖర్చు న్యాయంగా పంచినట్టు కాదు.

నలుగురు మనుషులతో నడిచే ఒక బ్యాక్ కవర్ షాపు అనుకోండి. మూడేళ్ల కిందట ఎవరో ఫ్రీలాన్సర్ థాంక్యూ పేజీలో నాలుగు లైన్ల ట్రాకింగ్ కోడ్ పెట్టి వెళ్లాడు. గడువు దాటాక ఆ కోడ్ పనిచేయదు. సైట్ ఆగిపోదు, ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. కానీ ప్రకటనల డ్యాష్‌బోర్డ్‌లో కొనుగోళ్లు సున్నా చూపిస్తాయి. ఓనర్ యాడ్ దండగ అనుకుని ఆపేస్తాడు. తర్వాత నిజంగానే ఆర్డర్లు తగ్గుతాయి. ఎర్రర్ మెసేజ్ ఎక్కడా రాదు కాబట్టి కారణం కూడా దొరకదు.

ప్లాన్ల మధ్య గీత కూడా గమనించాలి. అడ్రస్, షిప్పింగ్, పేమెంట్ స్టెప్పుల్లో ఎక్స్‌టెన్షన్ పెట్టే అవకాశం ప్లస్‌కే ఉంది. సొంతంగా రాసుకున్న ఫంక్షన్‌ని కస్టమ్ యాప్‌గా వాడాలన్నా ప్లస్ ఉండాలి, దాని ధర నెలకి 2,300 డాలర్ల నుంచి మొదలవుతుంది. చిన్న షాపువాళ్లు యాప్ స్టోర్‌లో ఎవరో అమ్మే యాప్ తీసుకోవాలి. అంటే నాలుగు లైన్ల కోడ్‌తో అయిపోయే పనికి ఇప్పుడు నెలనెలా చందా.

ఆ చందా యాప్ రాసేవాళ్లకి అవకాశమే, కాదనను. కానీ అక్కడా రూల్ మారింది. యాప్ ఆదాయంలో మొదటి 10 లక్షల డాలర్ల మీద షాపిఫై వాటా తీసుకోదు, ఆ పైన 15 శాతం. 2024 దాకా ఈ మినహాయింపు ఏటా కొత్తగా మొదలయ్యేది. 2025 నుంచి జీవితకాలానికి ఒక్కసారే.

ఇవన్నీ వద్దనుకుంటే వూకామర్స్ లాంటి ఓపెన్ సోర్స్ దారి ఉంది. సర్వర్ మీదే, కోడ్ మీదే, ఏ ఫైల్ అయినా మార్చొచ్చు. ఆ 22 లైన్ల దొంగ స్క్రిప్ట్ లోపలికి రాకుండా కాపలా కాసే పని కూడా మీదే. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలంటే ఓనర్‌ని అడగాలి, సొంతింట్లో పైకప్పు కారితే మనమే ఎక్కాలి.

ఇప్పుడు ఏం చేయాలి?

మీకో, మీ ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్‌కో షాపిఫై షాపు ఉంటే ఈ పనులు చేయండి.

1. అడ్మిన్‌లో చెక్అవుట్ సెట్టింగ్స్ తెరిచి, అడిషనల్ స్క్రిప్ట్స్ బాక్స్‌లో ఏమైనా కోడ్ ఉందేమో చూడండి. ఉంటే ముందు కాపీ తీసి పెట్టుకోండి. ప్రతి ముక్క ఎందుకుందో రాసుకుని, తర్వాత పిక్సెల్‌కి గానీ ఎక్స్‌టెన్షన్‌కి గానీ మార్చండి.

2. మారిన రోజే ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి, కొనుగోలు ఈవెంట్ ప్రకటనల డ్యాష్‌బోర్డ్‌కి చేరిందో లేదో కళ్లతో చూడండి.

3. యాప్ రాసేవాళ్లైతే ఏపీఐ వెర్షన్ చూసుకోండి. ప్రతి మూడు నెలలకి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి కనీసం 12 నెలల సపోర్ట్. గడువు తీరిన వెర్షన్‌ని పిలిస్తే ఎర్రర్ రాదు, ఇంకా సపోర్ట్‌లో ఉన్న పాత వెర్షన్ జవాబిస్తుంది. ఏ వెర్షన్ జవాబిచ్చిందో రెస్పాన్స్ హెడర్‌లో ఉంటుంది. దాన్ని లాగ్ చేసి, మీరు అడిగినదానికి తేడా వస్తే అలర్ట్ పెట్టండి.

4. ఏఐ అసిస్టెంట్‌తో కోడ్ రాయిస్తుంటే జాగ్రత్త. వాటికి పాత రెస్ట్ ఉదాహరణలు బాగా అలవాటు. షాపిఫై 2025లో డెవ్ ఎంసీపీ సర్వర్ తెచ్చింది. దాన్ని ఎడిటర్‌కి కలిపితే అసిస్టెంట్ ఇప్పటి డాక్యుమెంటేషన్, స్కీమా చూసి రాస్తుంది.

5. డిస్కౌంట్ లెక్క, పిన్‌కోడ్ లిస్టు లాంటి షాపు రూల్స్‌ని ప్లాట్‌ఫామ్ కోడ్‌లో కలిపేయకుండా విడి ఫైల్‌లో, టెస్టులతో ఉంచండి. రూబీ నుంచి రస్ట్‌కి మారినా ఆ పిన్‌కోడ్ లిస్టు మారదు కదా.

ఈసారి ఏదైనా సైట్‌లో ఒకే పేజీలో మీ ఫోన్ మోడల్, రంగు రెండూ దొరికితే, దాని వెనక ఎవరో ఒక డెవలపర్ రెస్ట్ కోడ్ తీసేసి గ్రాఫ్‌క్యూఎల్ రాసి ఉంటారు. మీ ఫ్రెండ్ షాపుకి ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేకపోతే, ఈ వీకెండ్ ఒక గంట కూర్చుని మొదటి రెండు పనులైనా మీరే చేసి పెట్టండి.