ఆఫీసు కిటికీ దగ్గర మన బిడ్డ

కాలేజీలు తెరిచే రోజుల్లో మన తణుకు చుట్టుపక్కల సంఘాలలో ఒక ప్రార్థన మనవి తప్పక వినిపిస్తుంది. "మా అబ్బాయికి సీటు వచ్చిందండీ, హాస్టల్లో చేరుతున్నాడు, ప్రార్థించండి." ఒకరి బిడ్డ రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి, మరొకరి బిడ్డ తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీకి, ఇంకొకరు హైదరాబాదుకు. కొన్ని ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి బిడ్డ ఆ బిడ్డే. ఆ బిడ్డ అక్కడ ముందుగా కలిసేది ప్రొఫెసరును కాదు. ఫీజు కట్టించుకునే గుమాస్తాను, హాస్టల్ వార్డెనును, స్కాలర్‌షిప్పుల సెక్షనులోని ఉద్యోగిని. వారి నోట వచ్చే మొదటి మాట ఆ బిడ్డకు చాలాకాలం గుర్తుంటుంది.

అందుకే ఈ వారం విశ్వవిద్యాలయ ఉద్యోగులకు వివక్షపై ఇచ్చే అవగాహన శిక్షణ గురించి ఆలోచిద్దాం. అమెరికా, బ్రిటన్ దేశాల విశ్వవిద్యాలయాలు తమ సిబ్బందికి జాతి వివక్ష గురించి ఇలాంటి శిక్షణ ఇస్తుంటాయి. మనవారు అక్కడికి వెళ్లాక కులం కూడా సామానుతో పాటే విమానమెక్కిందని ఆ విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా గ్రహించాయి. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022లో 23 ప్రాంగణాలున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ వివక్ష వ్యతిరేక నియమాలలో కులాన్ని చేర్చాయి.

మన దేశంలో చట్టానికి కొదువ లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. అయినా 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. 2019లో ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వీ మరణించింది. ఆ ఇద్దరి తల్లులూ కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించగా, సుప్రీంకోర్టు వాటిని నిలుపుదల చేసి 2012 నాటివే కొనసాగాలంది. కాగితం మీది మాట కిటికీ దగ్గరికి చేరాలంటే ఆ కిటికీ వెనుక కూర్చున్న మనిషికి నేర్పాలి.

ఏమి నేర్పాలి? పదిమందిలో ర్యాంకు, కులం గట్టిగా అడగకూడదని. స్కాలర్‌షిప్పు హక్కే గాని దయ కాదని. హాస్టల్ గదులు కులాన్ని బట్టి కేటాయించకూడదని. వైవాలో ఇంటిపేరు విని అంచనాకు రాకూడదని. ఫిర్యాదు తెచ్చిన విద్యార్థిని "సర్దుకుపో బాబూ" అని పంపేయక, రాతపూర్వకంగా తీసుకుని, పేరు బయటపెట్టకుండా ఎవరికి చేర్చాలో తెలిసి ఉండాలని.

మన బిడ్డలకు మరొక చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి కిందికి వస్తారు. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ధృవపత్రం సరిచూడడం గుమాస్తా పని. దాన్ని చూసి వెటకారమాడడం ఆయన పని కాదు. ఈ తేడా కూడా శిక్షణలో చెప్పవలసిందే.

"మాకు కులపట్టింపు లేదు, మాకెందుకు శిక్షణ?" అని కొందరంటారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. ఆత్మతో నిండిన యెరూషలేము సంఘంలోనే, రోజువారీ పంపిణీలో గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రు చిన్నచూపుకు గురయ్యారు. అపొస్తలులు "మాలో అలాంటిదేమీ లేదు" అనలేదు, సణిగినవారిని గద్దించలేదు. ఫిర్యాదు విన్నారు, ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయినవారి పక్షం వారికే బాధ్యత అప్పగించారన్నమాట.

అయితే ఒక్కపూట తరగతితో సరిపోతుందా? పేతురుకు యొప్పేలో దర్శనం కలిగింది, కొర్నేలి ఇంట్లో అడుగుపెట్టాడు. అంతటివాడే తరువాత అంతియొకయలో మనుష్యులకు భయపడి, అన్యజనులతో భోజనం మానుకున్నాడు. పౌలు ముఖాముఖిగా నిలదీయవలసి వచ్చింది. పాత అలవాటు అలా తిరిగి వస్తుంది. కనుక శిక్షణ ఏటేటా జరగాలి, తప్పు జరిగితే అడిగేవారూ ఉండాలి. అడిగే నాథుడు లేని శిక్షణ హాజరు పట్టీలో సంతకంతోనే ముగుస్తుంది.

మన సంఘాలలో లెక్చరర్లు, గుమాస్తాలు, వార్డెన్లు, ల్యాబ్ సహాయకులు ఉన్నారు. మీ కాలేజీలో వివక్ష నిరోధక అధికారి ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే అడగండి. నోటీసు బోర్డు మీద ఆ పేరు, ఫోన్ నంబరు ఉండేలా చూడండి. కాపరులు కాలేజీకి వెళ్లే పిల్లల కోసం ప్రార్థించి ఊరుకోక, ఫిర్యాదు ఎలా రాయాలో కూడా వారికి చెప్పించండి. "ఏమైనా జరిగితే ముందు మాకు ఫోన్ చెయ్యి, నీ తప్పేమీ లేదు" అని తల్లిదండ్రులు బిడ్డకు చెప్పి పంపండి.

చివరిగా మన ఇంటి మాట. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి ముందు కులం అడుగుతున్నాం. కొన్నిచోట్ల సమాధి స్థలాల దగ్గరా ఆ గీత కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ ఉద్యోగి నేర్చుకోవలసిన పాఠం మనకూ మిగిలే ఉంది. ఆ పాఠం వచ్చే ఆదివారమే మొదలుపెడదాం. అప్పుడు ఆ కిటికీ అవతల కూర్చున్నది మన సంఘ సభ్యుడే అయితే, ఇవతల నిలబడిన బిడ్డ తల దించుకోవలసిన అవసరం రాదు.